రెండో చరణం

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు, ఒక మాఘమాసంలో, దేవరకొండలోని ఒక ఫంక్షన్ హాలులో పెళ్లి రిసెప్షన్‌కు మా ఆర్కెస్ట్రాను మాట్లాడుకున్నారు. నల్లగొండలో ఉంటూ చాలా ఏళ్లు నడిపి, ఈమధ్యే మూసేసిన ఆ బృందానికి నేనే నిర్వాహకుణ్ణి, కీబోర్డు వాయించేదీ నేనే. నా తర్వాతి స్థానం గాయని రూత్‌ది. చర్చి పాటల్లో గొంతు సాన పట్టుకుని వచ్చిన మనిషి. డ్రమ్ ప్యాడ్స్ మీద సలీం. మిగతావాళ్లు కార్యక్రమాన్ని బట్టి వచ్చి కలిసేవారు.

అప్పటికి కొన్నేళ్ల ముందే మా వైపు పెళ్లిళ్లలోకి కపుల్ డ్యాన్స్ అనే అంశం దిగింది. వధూవరులు స్టేజీ మధ్యలో చేతులు పట్టుకుని మెల్లగా ఊగుతారు, యంత్రం పొగ వదులుతుంది, కెమెరా చుట్టూ తిరుగుతుంది. దానికి పాట ఎంచడం బయటివాళ్లు అనుకున్నంత సులువు కాదు. మన సినిమాల్లో నెమ్మది పాటలు చాలావరకు ఎడబాటు పాటలే. బాణీ విని మురిసిపోయి ఒప్పుకుంటే, చరణంలో ఎవరో ఒకరు ఎవరినో విడిచి వెళ్లిపోతారు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మలు మా మీద పడతారు. అందుకని ముందు మాటలు చూడాలి. తర్వాత నడక. బరువైన చీర కట్టుకున్న పిల్ల అడుగు తీసి అడుగు వేయగలిగినంత వేగమే ఉండాలి. శ్రుతి గాయని గొంతుకు సరిపోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం నిడివి. మా జనం నెమ్మది పాటను ఎక్కువసేపు ఓర్వరు. పల్లవి, ఒక చరణం కాగానే కుర్చీలు కదులుతాయి, తీన్మార్ దరువు కొట్టమని కేకలు మొదలవుతాయి. అప్పుడు నేను పిడికిలి ఎత్తేవాణ్ణి. దాన్ని మేము ‘కట్’ అనేవాళ్లం. అది చూడగానే సలీం తీన్మార్‌లోకి దూకేవాడు, హాలంతా లేచేది. చల్లబడిపోతున్న కార్యక్రమాలు ఎన్నిటినో ఆ పిడికిలితోనే లేపాను. దానికి ఇప్పటికీ చింతించను.

పెళ్లికూతురి తండ్రి యాదయ్య గొర్ల మంద ఉన్న రైతు. మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడే ఆయన్ని గుర్తుపట్టాను. కొన్నేళ్ల కిందట ఇదే హాలులో ఆయన కూతురు స్వప్న మొదటి పెళ్లికీ మేమే వాయించాం. ఆ రోజు పెళ్లికొడుకు పాట మధ్యలో ఆమె చేయి వదిలేసి దోస్తుల దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పిడికిలి ఎత్తాను. ఆ సంసారం రెండేళ్లు కూడా నిలవలేదని, విడాకులయ్యాయని యాదయ్యే చెప్పాడు. చెప్పి, “పాత ముచ్చట ఏదీ యాదికి రావద్దు సారూ. గంతే నేనడిగేది,” అన్నాడు.

ఆ మొదటి పెళ్లిలో వాయించిన పాటను పక్కన పెట్టేశాను. దాని బదులు వేరేది వెతకడం మొదలుపెట్టాక నాకు కాలు నిలవలేదు. ఒకటి బాగుందనుకుంటే మాటల్లో వీడ్కోలు. ఇంకొకటి రూత్ గొంతుకు అందదు. మరొకటి ఆ ఏడు ప్రతి పెళ్లిలోనూ వాయించి అరగదీసింది. అన్నం తింటూ తింటూ లేచి కీబోర్డు దగ్గరికి పోయేవాణ్ణి. బస్సులో తొడ మీద తాళం వేస్తుంటే పక్కాయన విసుక్కుని వేరే సీటుకు మారాడు. చివరికి ఒకటి ఖాయం చేశాను గాని, అది నాకే నచ్చలేదు.

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం మైకులు సరిచూసుకుంటుంటే స్వప్న తానే స్టేజీ ఎక్కి వచ్చింది. ఏ పాట అనుకున్నారని అడిగింది. చెప్పాను.

“గది కాదు సారూ. గప్పుడు వాయించిన పాటనే వాయించుండ్రి.”

“ఇప్పుడదెందుకమ్మా? పాతవి యాదికి రావద్దన్నడు మీ నాయిన,” అన్నాను.

“పాటేం జేసింది సారూ? ఇంటర్ల ఉన్నప్పటి సంది నేను పాడుకునే పాట అది. ఆయన రాకముందు నుంచే నాది. గప్పుడు సగంల ఆపిండ్రు. ఈసారి మొత్తం వాయించుండ్రి.”

పెళ్లికొడుక్కి ఈ సంగతి తెలుసా అని అడిగాను. “అంత చెప్పిన. నాకు డ్యాన్స్ రాదు గని, పాట అయిందాక నిలబడుత అన్నడు,” అంది. యాదయ్య హాలులో కుర్చీలు వేయిస్తున్నాడు. వెళ్లి అడిగాను. “దాని పాట, దాని ఇష్టం,” అని మళ్లీ కుర్చీల పనిలో పడ్డాడు.

తిరిగి వచ్చేసరికి రూత్ ముఖం మాడిపోయి ఉంది. “అన్నా, రెండో చరణం నాకు రాదు,” అంది. నాకూ రాదు. ఏళ్లుగా ఆ పాట వాయిస్తున్నాం, కానీ పిడికిలి దాటి ఎన్నడూ ముందుకు పోలేదు కాబట్టి మాలో ఎవరమూ మిగతాది నేర్చుకోలేదు. ఆ చరణానికి ముందు వచ్చే వేణువు బిట్టు ఎలా ఉంటుందో కూడా నాకు లీలగానే గుర్తుంది. సిగ్గేసింది. స్వప్న స్టేజీ మెట్ల మీద కూర్చుని ఒక్కో పాదం పాడింది, రూత్ ఆమె వెనకే పాడింది. వేణువు బిట్టునూ ఆమే కూనిరాగం తీస్తుంటే నేను పట్టుకున్నాను. ముస్తాబు చేసే ఆమె వచ్చి పిలిచినా, రూత్ పాట ఒప్పజెప్పేదాకా స్వప్న లేవలేదు.

సాయంత్రం పాట ఎత్తుకున్నాం. పెళ్లికొడుకు నరేష్ నిజంగానే డ్యాన్స్ రాని మనిషి. ఆమె రెండు చేతులూ పట్టుకుని, తన కాళ్లు తానే చూసుకుంటూ చెమటలు కక్కుతున్నాడు. మొదటి చరణం కాగానే అనుకున్నదే అయింది. కుర్చీలు జరిగాయి, ఈలలు లేచాయి, దోస్తులు స్టేజీ ముందుకొచ్చి తీన్మార్ కావాలని గోల మొదలుపెట్టారు. సలీం కర్రలు ఎత్తి నా చేతి వైపే చూస్తున్నాడు. అలవాటు కొద్దీ నా కుడి చేయి లేవబోయింది. దాన్ని కీబోర్డు మీదే అదిమి పెట్టాను. ఇంతలో ఒక దోస్తు పైకెక్కి నరేష్ భుజం పట్టి లాగాడు. స్వప్న బెదురుగా నా వైపు చూసింది.

“ఆగుర జర. పాట ఇంక కాలే,” అన్నాడు నరేష్, చేతులు వదలకుండా.

వేణువు బిట్టు వాయించాను. ఒక స్వరం తప్పింది కూడా. రూత్ రెండో చరణం అందుకుంది, ఆమెతో పాటే స్వప్న పెదవులూ కదిలాయి. హాలేమీ నిశ్శబ్దం కాలేదు, గోల గోలగానే ఉంది. అయినా పాట చివరి పల్లవి దాకా పోయి, ఆగవలసిన చోట ఆగింది. అప్పుడు పిడికిలి ఎత్తాను. అందరికన్నా ముందు ఎగిరినవాడు యాదయ్య.

పాటను ఎక్కడ ఆపాలో నిర్ణయించడం నిర్వాహకుడి పనే. అయితే చివరిదాకా వాయించడం వచ్చినప్పుడే దాన్ని నిర్ణయం అనాలి, రానప్పుడు అది చేతగానితనం. ఆ తర్వాత బృందం మూసేసేదాకా, మా దగ్గర చేరడానికి వచ్చిన ప్రతి గాయనినీ, ఏ పాట ఎంచుకున్నా, ముందు దాని రెండో చరణం పాడమన్నాను.