మూరెడు పెరిగిన చెట్టు

చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో శామీర్‌పేట చెరువులో వల వేయకూడదని మా బెస్తవాళ్ల కట్టుబాటు. అందుకని ఆషాఢంలో నాయినకు పని ఉండేది కాదు. ఇంటికి తాళం పెట్టి అమ్మను, నన్ను గోల్కొండలో మా మేనత్త ఇంటికి తీసుకుపోయేవాడు. బోనాలు చూసి, నాలుగు రోజులు ఉండి వచ్చేవాళ్లం. మాకు తెలిసిన సెలవులు అవే.

అక్కడ కోట వెనక ఒక చెట్టు ఉంది. ఏనుగుల చెట్టు అంటారు. మొదటిసారి చూసినప్పుడు నేను బూడిద రంగు బండ అనుకున్నాను. తల పైకెత్తితే కొమ్మలు కనిపించాయి. దాని తొర్ర మా ఇంటి అర్ర కంటే పెద్దది. నాయిన నన్ను ఎత్తి లోపల దించాడు. బయట మోగుతున్న డప్పులు లోపలికి మెత్తగా వినిపించాయి. చల్లగా ఉంది. బయటికి రానని మొండికేశాను.

ఆ ఏడు నాయిన వల కోసం కొత్త జనుము తాడు కొన్నాడు. దాన్ని చెట్టు చుట్టూ తిప్పి, కొస కలిసినచోట ముడి వేశాడు. వచ్చే ఏడు చెట్టు ఎంత పెరిగిందో చూద్దామన్నాడు. నేను తాగే చెంబులో నీళ్లు చెట్టు మొదట్లో పోశాను. అంత చెట్టుకు అవి నాలుక తడవడానికైనా చాలవని అమ్మ నవ్వింది.

ఏడాదంతా ఆ తాడు చెరువులో నానింది. మళ్లీ ఆషాఢంలో నాయిన దాన్ని వల నుంచి విప్పి, ఆరబెట్టి, వెంట తెచ్చాడు. చెట్టు చుట్టూ తిప్పితే ముడి మూరెడు దూరంలోనే ఆగిపోయింది.

"సూడు బిడ్డా, నువ్వు వోసిన నీళ్లు తాగింది," అన్నాడు.

అమ్మ ఏదో అనబోయి, నాయిన ముఖం చూసి ఊరుకుంది. ఆ చెట్టు నన్ను గుర్తుపట్టిందనుకున్నాను. ఊరికి వచ్చి కనబడినవాళ్లందరికీ చెప్పాను.

పెళ్లయి అలియాబాద్ వచ్చాక, ఒకరోజు మా ఆయన వల కోసం కొత్త తాడును కొలత కంటే పొడుగ్గా కోశాడు. ఎందుకని అడిగాను. జనుము నానితే కురచవుతుందని, బెస్తవాళ్ల ఇంట్లో పుట్టి ఈ మాత్రం తెలియదా అని ఎగతాళి చేశాడు. నాయిన తాడు, దాని ముడికి తగ్గిన మూరెడు గుర్తొచ్చాయి.

పుట్టింటికి పోయినప్పుడు నాయినను అడిగాను. అప్పటికే మంచం పట్టి ఉన్నాడు. చాలాసేపు నవ్వాడు.

"తాడు సంగతి తాడుది బిడ్డా. చెట్టు పెరగకుంట ఉంటదా?"

నాయిన పోయాక మళ్లీ అక్కడికి పోలేదు. బస్సు బోర్డు చదవడం కూడా నాకు అప్పుడు వచ్చేది కాదు. ఈ మధ్యే మనుమరాలి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. పట్నం పోయినప్పుడు బోర్డు మీద గోల్కొండ అని కనబడితే, ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడతాను. తొర్రలో ఆ చల్లదనం, బయట నా కోసం చేతులు చాచిన నాయిన, రెండూ అందులో వెళ్లిపోతున్నట్టు ఉంటుంది.

ఈ ఆషాఢంలో మనుమరాలిని తీసుకుని ఆ బస్సు ఎక్కుతాను. తాడు తీసి పెట్టాను. కానీ ఇప్పుడు అన్నీ నైలాన్ తాళ్లే, ఎంత నానినా కురచ కావు. పిల్ల చెట్టుకు నీళ్లు పోయకుండా ఉండదు, వచ్చే ఏడు కొలవకుండా ఊరుకోదు. నాయినకు ఆ పని చెరువే చేసిపెట్టింది. నేను మాత్రం పిల్ల చూడకుండా ముడి విప్పి, మూరెడు ఇవతల కట్టాలి.