పదకొండు నిమిషాలు పట్టిన గుమ్మం

మా ఫ్యాక్టరీలో మా అక్కకి "ఎందుకక్క" అని పేరు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. నీళ్ళు తాగుతున్న మనిషిని ఆపి "ఎడమ చేత్తో ఎందుకు తాగుతున్నావ్?" అని అడిగే రకం. చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకుని ఆ ప్రశ్నలన్నీ విన్నదాన్ని నేను. ఇప్పుడు ఒకే ఇంట్లో కాపురం, ఒకే హాల్లో ఉద్యోగం. నా ఓర్పుకి ఇంతవరకు ఎవరూ పతకం ఇవ్వలేదు.

మాది కళ్ళద్దాల ఫ్యాక్టరీ. అక్క అద్దాలు అరగదీసే హాలు మొత్తానికి సూపర్‌వైజరు. నేను చెకింగు టేబుల్ దగ్గర కూర్చుని గీతలు పడ్డ అద్దాలు ఏరేస్తాను. అద్దానికి దుమ్ము శత్రువు. అందుకని బయటి చెప్పులు పెద్ద గుమ్మం దగ్గర అరల్లో పెట్టి, ఫ్యాక్టరీవాళ్ళిచ్చిన నీలం రబ్బరు చెప్పులు వేసుకుని లోపలికి రావాలి. ఆ నీలం చెప్పులతో బయట అడుగు పెట్టామో, అక్క నోటికి దొరికిపోయామన్నమాటే. పదహారేళ్ళలో ఆ తిట్లు తినని మనిషి లేడు. మేనేజరు కూడా ఒకసారి తిన్నాడు.

నాలుగేళ్ళ కిందట ఒక మోటారు కాలి హాల్లో పొగ వచ్చింది. ఎవరికీ ఏం కాలేదు, ఎలక్ట్రీషియను రెండు నిమిషాల్లో ఆర్పేశాడు. మేమంతా ఊపిరి పీల్చుకుని పనిలో పడ్డాం. అక్క మాత్రం ఫైరింజన్ మీద వచ్చిన మనిషిని పట్టుకుంది.

"పొగ చూస్తే దూరంగా పారిపోవాలి కదండీ. మావాళ్ళు సగం మంది దాని దగ్గరికే పరిగెత్తారు. ఎందుకు?"

ఆయన బుర్ర గోక్కుని, "దానికో చదువుందమ్మా. యూనివర్సిటీలో డిగ్రీ ఇస్తారు, ఎమర్జెన్సీ మేనేజ్‌మెంట్ అని," అన్నాడు. తప్పించుకోవడానికే అన్నాడని నా అనుమానం. నెల తిరక్కుండా అక్క దూరవిద్యలో చేరింది, నలభై ఏడేళ్ళ వయసులో.

"ఇప్పుడెందుకక్కా నీకిదంతా?" అన్నాను.

"తెలుసుకోవాలనుందే," అంది. అంతే.

ఆ చదువు సాగినన్నాళ్ళూ ఇంటిల్లిపాదికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఆదివారాలు క్లాసులు, సాయంత్రాలు పుస్తకాలు. వరద వస్తోందని చెప్పినా జనం ఇల్లెందుకు వదలరు, భయపడ్డ గుంపు నిజంగానే తొక్కేసుకుంటుందా, అన్నీ కావాలి ఆవిడకి. "సైరన్ మోగితే మొదటి నిమిషం మనుషులేం చేస్తారో తెలుసా? ఏమీ చెయ్యరు! పక్కవాడి మొహం చూస్తారు!" అని వంటింట్లోకొచ్చి మరీ చెప్పేది. ఒకరోజు బావ స్నానం చేస్తుంటే తలుపు కొట్టి, "ఇప్పుడు భూకంపం వస్తే మీరు మొదట ఏం పట్టుకుంటారు?" అని అడిగింది. "తువ్వాలు," అన్నాడాయన లోపల్నుంచి. అదీ నోటుబుక్కులో రాసుకుంది. నిజం చెప్పొద్దూ, వినగా వినగా ఆ పిచ్చి నాకూ అంటుకుంది. పట్టనట్టు కూరగాయలు తరుగుతూ అన్నీ వినేదాన్ని.

చివరి సంవత్సరం ప్రాజెక్టు చెయ్యాలి. పనిచేసే చోటు ఒకదాన్ని ఖాళీ చేయించే ప్లాను గీసి, నిజంగా అలారం మోగించి చూపించాలి. అయిదు నిమిషాలు దాటితే ప్రాజెక్టు చెల్లదు. అది చెల్లకపోతే పట్టా లేదు. అక్క మా హాలునే తీసుకుంది. తను కాక రెండువందల పన్నెండు మందిమి, నాలుగు గుమ్మాలు. ఏ టేబుల్ వాళ్ళు ఎటు వెళ్ళాలో బాణాలు గీసింది. వాటికి రంగులు వేసింది నేనే. నా టేబుల్‌కి అయిదడుగుల్లో పక్క గుమ్మం ఉంది, దాని ఆకుపచ్చ బాణం నా చేతి పనే. అందరినీ కూర్చోబెట్టి రెండుసార్లు చెప్పింది కూడా. లెక్క ప్రకారం నాలుగు నిమిషాలు చాలు.

ఒక బుధవారం పదకొండింటికి అలారం మోగింది. పుస్తకంలో ఉన్నట్టే పక్కవాళ్ళ మొహాలు చూసుకున్నాం. తర్వాత లేచాం. లేచి, రెండువందల పన్నెండు మందిమీ పెద్ద గుమ్మం వైపే నడిచాం. చెప్పుల అరల దగ్గర ముందువాళ్ళు వంగితే వెనకవాళ్ళు నిలబడిపోయారు. ఒకావిడ తాపీగా కూర్చుని బకిల్ పెట్టుకుంది. మిగతా మూడు గుమ్మాలూ బార్లా తెరిచి ఉన్నాయి, అటు ఈగ కూడా వెళ్ళలేదు. ఆఖరి మనిషి బయటపడేసరికి పదకొండు నిమిషాలైంది.

మేనేజరు మంచివాడే. "నాలుగున్నర అని రాసెయ్యమ్మా, సాక్షి సంతకం నాదే కదా," అన్నాడు. నేనూ ఆయన పక్షమే. ఇంటికెళ్ళాక పోట్లాడాను కూడా. "ఇన్నేళ్ళ చదువు చెప్పులపాలు చేసుకుంటావా అక్కా? అక్కడ నిజంగా ఏం తగలబడింది కనక!"

అక్క ఫారం మీద పదకొండు అని రాసి నావైపు తిరిగింది. మొహంలో కోపం లేదు, ఆ పాడు కుతూహలమే ఉంది.

"నీకు గుమ్మం అయిదడుగులే కదే. రంగు కూడా నువ్వే వేశావ్. అటెందుకెళ్ళావ్?"

"చెప్పుల కోసం."

"చెప్పులెందుకు?"

"నీలం చెప్పులతో బయటికొస్తే నువ్వు తిడతావని!"

విసురుగానే అన్నాను. అక్క పెన్ను కింద పెట్టేసింది. ప్రశ్న లేకుండా ఆవిడ అంతసేపు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది.

మర్నాటి నుంచి భోజనాల వేళ టేబుల్ టేబుల్‌కీ తిరిగి అడిగింది. బయట కంకర గుచ్చుకుంటుందని ఇద్దరు ముగ్గురన్నారు. కొత్త చెప్పులు ఎవరైనా వేసుకుపోతారని కొందరు, అందరూ అటే వెళ్తున్నారు కదా అని కొందరు. నూట నలభై మంది మాత్రం కాసేపు నీళ్ళు నమిలి, నేను చెప్పిన జవాబే చెప్పారు.

ప్రాజెక్టు మీద ప్రశ్నలు వీడియో కాల్‌లో అడిగారు. అక్క భోజనాల బల్ల దగ్గర కూర్చుంది, నేను తలుపు వెనక నక్కాను. "మీ ప్లాను ఎందుకు ఫెయిలైందమ్మా?" అని ఒక పెద్దాయన అడిగారు.

"ఆ ప్లాను వాళ్ళకి రెండుసార్లు నేర్పానండి. నీలం చెప్పులతో గుమ్మం దాటొద్దని పదహారేళ్ళు నేర్పాను. పదహారేళ్ళదే గెలిచింది. నిజంగా మంటలొచ్చి ఉంటే, మా చెల్లెలు నా తిట్లకి జడిసి ప్రాణం పోగొట్టుకునేదండి."

నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. అవతలివాళ్ళు ఆ మాట రాసుకున్నారు. అయినా రూలు రూలే. ప్రాజెక్టు చెల్లదనీ, మూడు నెలల్లో మళ్ళీ చేసి చూపించమనీ, ఈసారి తమ మనిషే వచ్చి చూస్తాడనీ చెప్పారు. అదే ఆఖరి అవకాశం.

ఆ మూడు నెలలూ అక్క కొత్త బాణం ఒక్కటీ గియ్యలేదు. రోజూ పదకొండింటికి గుమ్మం బయట కంకరలో నిలబడి, ఒక్కో టేబుల్ వాళ్ళని నీలం చెప్పులతో రమ్మని పిలిచేది. తిరిగొచ్చేటప్పుడు తుడుచుకోవడానికి తడిపిన గోనెపట్టా కూడా తనే పరిచింది. మొదటిరోజు ఒక్కరూ దాటలేదు. గుమ్మం దాకా వచ్చి కాలు గాల్లోనే ఆపేసినవాళ్ళున్నారు.

"రండమ్మా, తిట్టను," అంది అక్క రెండోరోజు.

"ఒట్టు?" అన్నాడు కటింగు మేస్త్రీ, యాభై ఏళ్ళ మనిషి.

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వుల్లో నేను దాటేశాను. నా వెనక మా టేబుల్ వాళ్ళు దాటారు.

యూనివర్సిటీ మనిషి చెప్పాపెట్టకుండా వచ్చి అలారం నొక్కాడు. నాలుగు గుమ్మాల్లోంచీ నీలం చెప్పులతో బయటపడ్డాం. మూడు నిమిషాల యాభై సెకన్లు. ఆయన గడియారం ఆపి, "అందరూ వచ్చారా? లెక్క చెప్పండి," అన్నాడు. అక్క వరసల మధ్య నడుస్తూ లెక్కపెట్టి, "రెండువందల పదమూడు," అంది. ఉన్నదే రెండువందల పన్నెండు! మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. ఈసారి సరిపోయింది. ఆ తప్పుకి నాలుగు మార్కులు కోసి, ప్రాజెక్టు చెల్లిందని సంతకం పెట్టాడు. అక్కకి పట్టా వచ్చినట్టే.

ఇంటికి నడుస్తూ ఏడిపించాను. "డిగ్రీ అయితే గట్టెక్కావు గానీ, మనుషుల్ని లెక్కపెట్టడం రాలేదేంటక్కా? ఆ ఎక్కువొచ్చిన మనిషెవరు?"

"నువ్వే," అంది. "చివరి వరస దాకా వెళ్ళి, నువ్వు బయటికొచ్చావో లేదోనని మళ్ళీ వెనక్కొచ్చి చూశానే."