బొడ్డున్న దేవుడు

కార్తీక దీపాలు కొండెక్కాక, వాన తెరిపిచ్చిన పూటల్లా ముత్తియాల్‌పేటలో సూసమ్మ ఇంటి ముందు క్రిస్మస్ బొమ్మలు ఎండకు కూర్చుంటాయి. గొర్రెల్ని, గొల్లల్ని, ఒంటెల్ని అచ్చుల్లోంచి తీసి గబగబా పక్కన పెడుతుంది గాని, బాలయేసు దగ్గర మాత్రం ఆమె చెయ్యి నెమ్మదిస్తుంది. పచ్చిమట్టి బిడ్డను ఎడమ అరచేతిలో పడుకోబెట్టుకుని, తన తలలోని పిన్ను తీసి, పొట్ట మధ్యన చిన్న బొడ్డు పెడుతుంది. నలుగుర్ని కన్న మనిషి. బొడ్డు లేని బిడ్డ ఆమె కంటికి ఆనదు.

ఈ ఏడు, బొమ్మలు కొనే అంగడి అంతోని బుట్టెడు బాలయేసుల్ని వెనక్కి తెచ్చినాడు. “దేవుడికి బొడ్డేంది అక్కా? జనం నవ్వతా ఉండారు. పూడ్చి ఇయ్యి, లేకుంటే ఇంకొకరి కాడ తీసుకుంటా.”

సూసమ్మ లేవలేదు, చేతి మట్టి తుడుచుకోలేదు. “మనల్ని కాపాడేదానికి మనిషై పుట్టినాడని చర్చిలో మోకాళ్ళేసి చెప్తావే, అమ్మ కడుపులో తొమ్మిది నెలలు ఎట్ట బతికినాడు? బొడ్డు లేనోడు కావాలంటే ఆకాశాన్ని అడుగు. నా కాడ మట్టే ఉండాది” అని, చేతిలోని బిడ్డకు ఈసారి కొంచెం లోతుగానే బొడ్డు పెట్టింది.