అవ్వ ఇచ్చిన వాంగ్మూలం

పోలీసులతో మాట్లాడటానికి మా అవ్వకు, అంటే మా అమ్మకు, ఒక పద్ధతి ఉండేది. తనకు పడనివాళ్ల గురించి అడిగితే ఇంటి గుర్తులతో సహా చెప్పేది. తనవాళ్ల గురించి అడిగితే అసలు అలాంటి మనిషి పుట్టనే లేదనేది. ఈ పద్ధతి నాకన్నా పాతది. నైజాం రోజుల్లో మా నాయిన దళంలో తిరుగుతున్నాడని పోలీసులు ఇంటి మీదికి వస్తే, అప్పటికి కొత్త పెండ్లికూతురైన అవ్వ మెడలో పుస్తె, కాళ్లకు మట్టెలు ఉండగానే "నాకింక పెండ్లే కాలేదు దొరా" అన్నదట. మరి ఆ మట్టెలేమిటని వాళ్లు అడగలేదు. అడిగే తెలివి ఉంటే పోలీసుల్లో ఎందుకు చేరతారని అవ్వ అభిప్రాయం.

1969లో ఆ పద్ధతి నాకు పనికొచ్చింది. నేను హన్మకొండలో డిగ్రీ చదువుతున్నాను. తెలంగాణ కోసం అందరితో పాటు జనగామ స్టేషన్‌లో పట్టాల మీద కూర్చుని, లాఠీ దెబ్బలు తిని, రఘునాథపల్లి దగ్గరున్న మా ఊరికి పొలాలకు అడ్డంపడి పరుగెత్తాను. వెనకనే జీపు వచ్చింది. అవ్వ నన్ను వడ్ల గరిసెలోకి దించి, పైన తడక కప్పి, వాకిట్లోకి పోయి నిలబడింది.

"నాకు కొడుకే లేడు సారు. ఉంటే గీ ఎడ్లెనుక నేనెందుకు తిరుగుత?"

వడ్ల నూగుకు ఒళ్లంతా దురద పెడుతుంటే, నేను లేనన్న సంగతి గరిసెలోంచి విన్నాను. ఎంత నమ్మకంగా చెప్పిందంటే ఒక క్షణం నాకే అనుమానం వచ్చింది. జీపు వెళ్లిపోయింది. నాతో పాటు పట్టాల మీద కూర్చున్నవాళ్లు జైలు కూడు తిన్నారు, నేను ఇంట్లో పచ్చిపులుసు తిన్నాను.

ఆ ఏడాది చదువు పోయింది. నాయిన అప్పటికే చనిపోయాడు గాని కమ్యూనిస్టు పార్టీలోని ఆయన పాత స్నేహితులు మమ్మల్ని మరిచిపోలేదు. ఎక్కడెక్కడో మాట్లాడి, గనుల చదువుకని నన్ను బల్గేరియాకు పంపారు. ఊళ్లో అందరూ రష్యా అన్నారు. నేను మొదట్లో దిద్దాను, తర్వాత మానేశాను. అవ్వకు మాత్రం ఏ దేశమైనా ఒకటే, అక్కడ అన్నం దొరకదు.

అక్కడ నేను ఒక బడి టీచరును పెండ్లి చేసుకున్నాను. గరిసె కథ ఆమెకు పరిచయమైన కొత్తలోనే చెప్పాను. చాలాసేపు నవ్వి, "నిజంగా ఒక తల్లి అలా అనగలదా?" అని అడిగింది. వాళ్లమ్మకు నా మీద వేరే అనుమానం ఉండేది. ఆసియా నుంచి వచ్చే కుర్రాళ్లందరికీ ఇంటి దగ్గర ఒక భార్య ఉంటుందని ఆమె గట్టి నమ్మకం. చదువు అయ్యాక నేను ఒక్కడినే తిరిగొచ్చాను. భూపాలపల్లి అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసి చూసే క్యాంపులో ఉద్యోగం దొరికింది. ఆమె ఒక వేసవి సెలవులకు వచ్చి మా దేశాన్నీ మా అవ్వనూ చూసి వెళ్తుంది, ఎవరి దేశంలో కాపురం పెట్టాలో తర్వాత తేల్చుకుంటాం. అదీ మా ఒప్పందం.

విజిటర్ వీసాకు ఆమె సోఫియాలోని మన ఎంబసీలో దరఖాస్తు పెట్టింది. ఎదురుచూసి ఎదురుచూసి సెలవులు అయిపోయాక జవాబొచ్చింది, ఇవ్వలేమని. ఆ సంగతి రాసిన ఉత్తరం నాకు క్యాంపులో అందింది. "కారణం చెప్పలేదు. కిటికీ వెనకున్న ఆయన మాత్రం, మీ భర్త ఇచ్చిన చిరునామాలో అలాంటి మనిషే లేడట అని మెల్లగా అన్నాడు. వచ్చే వేసవికి మళ్లీ అడుగుతాను. అప్పుడూ నువ్వు లేకపోతే, మా అమ్మ చెప్పిందే నిజమనుకుని నా దారి నేను చూసుకుంటాను" అని రాసింది. ఆ ఉత్తరంలో ఎక్కడా కోపం లేదు. అందుకే భయమేసింది.

ఉత్తరం జేబులో పెట్టుకుని బస్సులు మారి ఊరికి పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని పల్లికాయ తెంపుతోంది.

"అవ్వా, నా గురించి అడుగుకుంట ఎవలన్న వచ్చిండ్రా?"

"వచ్చిండొకడు, వానకాలం ముంగట. ఒంటి మీద మామూలు బట్టలే గని కాళ్లకు పోలీసు బూట్లున్నయి. అండి అండి అనుకుంట మాట్లాడిండు. గంత మర్యాదగ అడిగేటోడు మంచోడైతడా?"

"ఏం చెప్పినవ్?"

"నాకు కొడుకే లేడన్న." అవ్వ ముఖం వెలిగిపోయింది. "కోడలు సంగతి గుడ అడిగిండు. కొడుకే లేనిదానికి కోడలెక్కడిదన్న. దుకాణపాయన తెల్వదన్నడు, సర్పంచ్ గుడ తెల్వదన్నడు. మనూరోళ్లు మంచోళ్లు కొడుకా, ఒక్కడన్న నోరు జారలే."

నేను అరిచాను. అంతకుముందు అవ్వ మీద అంత గొంతు ఎత్తిన గుర్తు లేదు. నీ తెలివితో నా సంసారం కూల్చావన్నాను. నాకు ఇంకో అనుమానం కూడా ఉండేది. అవ్వ నా పెండ్లి ఫోటోను ఒక్కసారి చూసి గూట్లో బోర్లా పెట్టింది. ఆ పిల్ల ప్రస్తావన వస్తే "గామె" అనేది, అంతే. కోడలు లేదన్న మాట పోలీసుల కోసం అన్నదా, మనసులోదే అన్నదా? అది అడగలేక అన్నం తినకుండా బయల్దేరాను. అవ్వ తప్పేమీ తెలియని ముఖంతో పల్లికాయ తెంపుతూనే ఉంది.

మా మేనమామ మానుకోటలో ఉండేవాడు. మహబూబాబాద్ అని స్టేషన్ బోర్డు మీద ఉంటుంది, మాకు మానుకోటే. ఎరువుల దుకాణం ఆయనకు పేరుకే, అసలు పని ఎన్నికలు. తాను నిలబడడు, తాను నిలబెట్టినవాణ్ని పడనివ్వడు. సంగతంతా విని, "ఓస్, గింతేనా! మనిషి ఉన్నడని చెప్పిపిచ్చుడేనాయె. సచ్చినోళ్లతోని ఓట్లేపిచ్చిన నేను" అన్నాడు. ముందుగా కురవి వీరన్న గుళ్లో మొక్కాడు, తర్వాత వరంగల్ పోయి, ఈసారి విచారణకు రహస్యంగా కాకుండా రాజమార్గంలో రమ్మని పై అధికారులను బతిమాలి వచ్చాడు.

కాగితాలు సంపాదించే పని నాకు పడింది. ఉద్యోగం ఉన్నట్టు క్యాంపు నుంచి ఒకటి, బల్గేరియా పెండ్లి పత్రానికి తర్జుమా ఒకటి, నేను మా ఊరివాణ్నేనని జనగామ తాసిల్దారు నుంచి ఒకటి. తాసిల్దారు మంచివాడే. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "లేడని పోలీసులు తేల్చిన మనిషి ఉన్నడని నేనెట్ల రాయాలె?" అన్నాడు.

"ఆ మనిషిని నేనే సార్."

"అది కనబడుతనే ఉన్నది. కాగితం మీద లేవు గద."

చివరికి సర్పంచ్ వచ్చి, తాను తెల్వదన్న మనిషి తనకు చిన్నప్పటి నుంచి తెలుసని సంతకం పెట్టాకే కాగితం చేతికొచ్చింది. అన్నీ కట్టగట్టి ఆమెకు పంపాను. ఆమె రెండోసారి దరఖాస్తు పెట్టింది. మళ్లీ విచారణ మా ఊరికి వచ్చింది, ఈసారి జీపు ఎక్కి, ముందే కబురు పెట్టి.

మామ ఓట్లడిగినట్టే ఇల్లిల్లూ తిరిగాడు. అన్న, అక్క, బాపు అని వరసలు కలిపి, పోలీసులు అడిగితే పిల్లగాడు ఉన్నడనీ పెండ్లైందనీ చెప్పాలని అందరికీ నూరిపోశాడు. ఊరు మామ మాట నిలబెట్టింది, కాస్త ఎక్కువే నిలబెట్టింది.

వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు. నేనూ మామా వెంట ఉండగానే దుకాణం దగ్గర ఆగి ఫోటో చూపించాడు. అందులో నేను చెవుల దాకా బొచ్చు టోపీ పెట్టుకుని ఉన్నాను, నన్ను నేనే గుర్తుపట్టలేను. దుకాణపాయన మాత్రం దూరం నుంచే గుర్తుపట్టాడు.

"ఈయన పెళ్లి సంగతి మీకు తెలుసాండీ?"

"తెల్వకేంది సారు! పెండ్లికి మేం పోయినం గద. యాట మాంసం కూర మంచిగైంది."

"పెళ్లి బల్గేరియాలో జరిగినట్టు ఉందండీ ఇక్కడ."

"ఆఁ, గాడనే. ఊరంత పోయినం, రెండు ట్రాక్టర్లల్ల."

ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపేసి కలానికి మూత పెట్టాడు. నా వైపు చూసి, "ఇదే రాసి పంపిస్తే మీ ఆవిడ ఈ జన్మలో రాదండీ" అన్నాడు. మామ పక్కకు తిరిగి మీసం సవరించుకున్నాడు. సోఫియాలో కిటికీ ముందు నిలబడి రెండోసారి లేదనిపించుకునే ఆమె ముఖం కళ్లకు కట్టింది.

"ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా సాక్ష్యం చెబితే అది ఒక్కటే రాసుకుంటాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. పెద్దవాళ్లంటే అవ్వ ఒక్కతే. మామ ఆమెను ఒప్పించడానికి చేయని ప్రయత్నం లేదు, ఆమె ఔననలేదు, కాదనలేదు. మేం పోయేసరికి వాకిట్లో నిలబడి ఉంది, నేను గరిసెలో దాక్కున్న రోజు సరిగ్గా నిలబడ్డ చోటనే.

"ఏమ్మా, ఈయన మీ అబ్బాయేనా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. నేను ఎదురుగా ఉండగానే లేనంటుందేమోనని నిజంగా భయపడ్డాను.

"ఔనంటే ఏం జేస్తవు సారు?"

"ఏమీ చేయనమ్మా. వాళ్లావిడను ఇక్కడికి రానిస్తారు."

"పోలీసోళ్లు మనుషుల్ని తీస్కపోనీకి వస్తరు. తెచ్చిచ్చేటోళ్లను నేనెన్నడు చూడలే."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అవ్వ దగ్గరికి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"నా కొడుకే సారు. ఒక్కడే కొడుకు. అప్పుడు లేడన్న, అబద్ధం చెప్పిన. రాసుకో."

"కోడలమ్మా?"

"ఉన్నదంటరు. నేను చూడలే."

అది కూడా రాసుకున్నాడు. జీపు ఊరు దాటేదాకా అవ్వ నా చెయ్యి వదల్లేదు. ఆమె జీవితంలో చేసిన పెద్ద సాహసం అదేనని నాకు అప్పుడే అర్థమైంది.

వీసా వచ్చింది. కాజీపేటలో బండి దిగిన ఆమెను మామ పూలదండ వేసి, గెలిచిన అభ్యర్థిని ఊరేగించినట్టు తీసుకొచ్చాడు. అవ్వ ఆమెను చూసి, "ఎండకు మొకమంత కందింది, జర చల్ల పోయిన్రి" అన్నది. అంతకు మించి మాట్లాడలేదు. అన్నం దగ్గర మాత్రం పెద్ద చిక్కొచ్చింది. వాళ్ల దేశంలో ఔనంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా ఊపుతారు. ఇంకింత పెట్టనా అని అవ్వ అడిగితే ఆకలిగా ఉన్న పిల్ల తల అడ్డంగా ఊపేది, అవ్వ గిన్నె లోపల పెట్టేసేది. చాలు మొర్రో అని నిలువుగా ఊపితే కుమ్మరించేది. ఈ సంగతి నేను విడమరిచి చెప్పాక అవ్వ ఆ పిల్లను కొంచెం ఆసక్తిగా చూడటం మొదలుపెట్టింది. "మీ అమ్మకు నేను నచ్చలేదు కదూ?" అని ఆమె రోజూ అడిగేది. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

విదేశీయులు వస్తే పోలీసు రికార్డుల్లో రాయించాలి. నేను వరంగల్ తీసుకుపోయి రాయించాను. రాయించినవాళ్లు ఆ ఇంట్లో ఉన్నారో లేదో వచ్చి చూసుకోవడం వాళ్ల వంతు. ఆ మాట అవ్వకు చెప్పడం మరిచిపోయాను.

ఒక మధ్యాహ్నం పెరట్లో సైకిలు బాగుచేసుకుంటుంటే వాకిలి వైపు జీపు చప్పుడైంది. వెనక తలుపు నుంచి లోపలికి పోయాను. చీకటి గదిలో, గరిసె పక్కన, మా అవ్వ పాత చీర తల నిండా కప్పుకుని నా భార్య ముడుచుకుని కూర్చుంది. ఎవరో తోసి కూర్చోబెట్టినట్టుంది. నన్ను చూసి, మాట్లాడొద్దని పెదాల మీద వేలు పెట్టుకుంది. బయట అదే సబ్ ఇన్‌స్పెక్టర్ గొంతు.

"బాగున్నారామ్మా? మీ కోడలు ఇంట్లో ఉన్నారా?"

"కోడలా? నాకు కోడలెక్కడిది సారు?"

బూట్ల చప్పుడు దండెం దాకా పోయి ఆగింది.

"మరి దండెం మీద ఆ గౌను ఎవరిదమ్మా?"

"నాదే. ఎండకాలం ఏస్కుంట."

నేను బయటికి పోయి సర్ది చెప్పాలి. ఆమె ఇక్కడ ఉండటం ఆ ఒక్క నివేదిక మీద ఆధారపడి ఉంది. ఈలోగా ఇన్‌స్పెక్టర్ నవ్వు వినిపించింది.

"సరేనమ్మా. లేదన్నారు కదా, ఉన్నట్టు రాసుకుంటాను."

జీపు వెళ్లిపోయింది. నా భార్య నా చొక్కా పట్టుకుని లాగి, మీ అమ్మ ఆయనతో ఏమన్నదని వాళ్ల భాషలో అడిగింది.

"నాకు కోడలే లేదన్నది."

ఆమె నన్ను చూసింది, పక్కనున్న గరిసెను చూసింది. చీర కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడే లోపలికి వచ్చిన అవ్వ ఆమెను పొదివి పట్టుకుని, నా వంక మండిపడుతూ చూసింది.

"ఏమన్నవురా నా బిడ్డను?"