అమ్మకు కప్పిన శాలువా

బంగారుపాళ్యం దగ్గర మా మామిడితోట పక్కనే గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. దాని మురుగు భూమిలోకి ఇంకి మా బోరు నీళ్లు కంపు కొడతాయి. ప్రపంచ భవిష్యత్తును నిర్ణయించేటప్పుడు పల్లె ఆడవాళ్ల మాట కూడా వినాలని తిరుపతిలో ఒక పెద్ద హోటల్లో సదస్సు పెట్టారు. విదేశీయులు వచ్చారు. మా అమ్మనూ పిలిచారు. అమ్మ ఆ బోరు నీళ్లే సీసాలో పట్టుకుని, ఏం చెప్పాలో దారి పొడవునా నాకు అప్పజెబుతూ బస్సులో వచ్చింది.

హోటల్ గుమ్మం దగ్గరే సెక్యూరిటీ ఆ సీసా లాక్కున్నాడు. బయటి నీళ్లు లోపలికి తేకూడదట.

మన సభల్లో మనిషి మాట్లాడాక శాలువా కప్పుతారు. ఇక దిగమని దాని అర్థం. అమ్మకు వేదిక ఎక్కగానే కప్పేశారు. ఫొటో తీసి, చప్పట్లు కొట్టి, నిర్వాహకుడు ఆమెను మెట్ల వైపు నడిపించాడు.

"నేనింకా నోరే తెరవలేదు గదా సామీ," అంది అమ్మ.

"మీరు వచ్చినారు గదమ్మా, అదే సాలు," అన్నాడు. తర్వాత అందరి గొంతూ వినాలని గంటసేపు తనే మాట్లాడాడు.

ఇంటికొచ్చాక అమ్మ ఆ శాలువాను మడతలు పెట్టి, నీళ్లు వడకట్టడానికి బోరు గొట్టానికి కట్టింది. జరీ నల్లబడిపోయింది. మొన్న ఆ సదస్సు పెట్టిన సంస్థ నుంచి ఒకామె వచ్చి, ఇంకో సదస్సుకు రమ్మంది.

"వస్తాలేమ్మా," అంది అమ్మ. "ఈ తూరి కొంచెం మందంగా ఉండేది కప్పమని చెప్పు. ఇది మురుగును ఆపడం ల్యా."