కొత్వాల్‌గూడ నుంచి ఒక పోర్చుగీసు మాట

మా కొత్వాల్‌గూడ మీదుగా విమానాలు ఎగరబట్టి నాలుగేళ్లయినా, విమానాశ్రయంలో నేను కాలు పెట్టింది మొన్న శనివారమే. కారణం మా అమ్మాయి రోజా. గగన్‌పహాడ్‌లో రక్తపరీక్ష యంత్రాలు చేసే కంపెనీ ఒకటి పోర్చుగీసు మాట్లాడే మొజాంబిక్ దేశపు దవాఖానాలకు సరుకు పంపుతోంది. యంత్రం తెర మీది ఇంగ్లీషు మాటల్ని పోర్చుగీసులోకి మార్చే పని రోజాకు ఇచ్చి చూస్తోంది. మా అక్క ఆ దేశంలో దవాఖాన సిస్టరుగా చాలా ఏళ్లు ఉండి వచ్చింది. ఆ మేనత్త దగ్గరే మా పిల్ల భాష పట్టింది.

పేచీ ‘ఫైలు’ దగ్గర వచ్చింది. బ్రెజిల్ వాళ్లు వాడే ‘ఆర్కివు’ పెట్టమని మేనేజరు, అత్త నోట విన్న ‘ఫిషేరు’ ఉండాలని రోజా. ఇద్దరూ తగ్గలేదు. శిక్షణకు వస్తున్న మొజాంబిక్ నర్సుతోనే తేల్చుకుందాం, నీ మాట నిలిస్తే ఉద్యోగం ఖాయం అన్నాడాయన.

ఉదయం ఏడింటికి షేర్ ఆటోలో శంషాబాద్ చేరాం. అక్కడ ఇడ్లీ తిని విమానాశ్రయం బస్సెక్కాం. వెళ్లేవాళ్లు టిఫిన్ ఊళ్లోనే కానివ్వండి, అక్కడి చాయ్ ధరకు మనకు పూటభోజనం వస్తుంది. బస్సులో పక్కనున్న పెద్దాయన అడిగాడు, “ఎవరొస్తున్నరన్నా?”

“మా బిడ్డ పరీక్ష వస్తున్నది” అన్నాను.

తొమ్మిది దాటాక నర్సు అమేలియా బయటికొచ్చింది. రోజా పోర్చుగీసులో పలకరించగానే ఆమె అలసటంతా పోయింది. కంపెనీ కారులో అందరం గగన్‌పహాడ్ వెళ్లాం. తలుపు దగ్గర రోజా నా చెవిలో చెప్పింది.

“బాపు, జర సప్పుడు చెయ్యకు. ఏలు గూడ చూపెట్టకు. ఆమె తడుముకున్నదంటే మాట ఓడినట్టే.”

పక్కపక్కన రెండు యంత్రాలు, ఒక్కోదానిలో ఒక్కో మాట. నిన్నటి రోగి ఫలితం తెరిచి చూపాలి. మొదటి తెర మీద అమేలియా ‘ఆర్కివు’ను దాటిపోయి చాలాసేపు వెతికింది. అది పాత కాగితాల గది పేరనుకుందట. రెండో తెర మీద ఆమె వేలు తిన్నగా ‘ఫిషేరు’ మీదికే పోయింది. నాకు కళ్లు చెమర్చాయి. మేనేజరు పట్టుదలకు పోకుండా, “సోమవారం నుంచి వచ్చేయండమ్మా” అన్నాడు.

తిరుగు ప్రయాణంలో, అమేలియాను శంషాబాద్ లాడ్జిలో దించే కారే మమ్మల్నీ ఎక్కించుకుంది. దారిలో ఆమె ఏదో అడిగితే రోజా నవ్వు ఆపుకోలేకపోయింది.

“ఏందే?” అన్నాను.

“మా మొజాంబిక్‌ల మీది ఏ ఊరు అని అడుగుతున్నది బాపు.”

“చెప్పు బిడ్డా, కొత్వాల్‌గూడ అని.”

రోజా చెప్పింది. అమేలియా ఆ పేరు రెండుసార్లు పలికి, తానెప్పుడూ అటువైపు వెళ్లలేదంది. సరిదిద్దబోయిన రోజాను నేనే ఆపాను. లాడ్జి వచ్చేదాకా అలాగే ఉండనిమ్మన్నాను. ఇంత గర్వం నాకు జన్మలో కలగలేదు.