పగ కోసం పెంచిన ఒళ్లు

నరసాపురానికి అయిదు మైళ్ల దూరంలో చంద్రరావుకి రెండెకరాల వరిచేను ఉండేది. పక్కనే బుల్లబ్బాయి రొయ్యల చెరువు తవ్వాడు. అందులోని ఉప్పునీరు చేలోకి దిగి పైరంతా మాడిపోయింది. అడగడానికి గట్టెక్కిన చంద్రరావు భుజాన్ని బుల్లబ్బాయి కొబ్బరికాయలు కొట్టే కత్తితో నరికాడు. 1996 నాటి మాట అది. రక్తం బొటబొటా కారుతుంటే చంద్రరావు ఒకటే కేక పెట్టాడు.

"నిన్ను నరక్కపోతే నేను మా నాన్నకి పుట్టినోణ్ణే కాదురా!"

ఆసుపత్రిలో పదమూడు కుట్లు పడ్డాయి. రక్తపరీక్ష చూసి డాక్టరు మొహం చిట్లించారు.

"షుగరు ఇంకా రాలేదండి, కానీ వాకిట్లోనే నిలబడి ఉంది. మీ నాన్నగారికి ఉండేదా?"

"ఆ జబ్బుతోనే కాలు తీసేశారండి. ఆర్నెల్లకి పోయారు."

"అయితే రోజూ అరగంట ఒళ్లు చెమట పట్టాలి. అది గానీ వచ్చిందంటే గాయాలు ఓ పట్టాన మానవు."

ఆ మాటే చంద్రరావు గుండెలో దిగబడింది. తను ఒక దెబ్బ వేస్తే వాడూ ఒకటి వేస్తాడు కదా! మానని ఒంటితో కత్తి పట్టి ఏం లాభం?

గట్టు మీద బుల్లబ్బాయి మనుషులు కాపు కాస్తున్నారు, నడకకని బయటికెళ్తే తల ఎగిరిపోతుంది. అందుకని ఇంట్లోనే మొదలెట్టాడు. డాబా మెట్లు ఎక్కి దిగేవాడు. గోడకి అరచేతులు ఆనించి ఒంటిని ముందుకీ వెనక్కీ తోసేవాడు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చునేవాడు. ఇసక నింపిన సీసాలు ఎత్తుతూ, "ఇది వాడి మెడకి, ఇది వాడి నడుముకి" అని పళ్లు కొరికేవాడు.

భార్య నాగదుర్గకి ఒళ్లు మండిపోయేది. "పొద్దున్నే ఆ శాపనార్థాలేంటండీ! ఆ సీసాలు పగలగొట్టి పారేస్తాను."

"ముట్టుకుని చూడు!" అంటూ ఒక సీసా గోడకేసి బద్దలుకొట్టాడు. గాజుపెంకులు ఆవిడ కాళ్ల దగ్గర చిందాయి.

ఏడాది తిరిగేసరికి పొట్ట కరిగింది, భుజం మానింది, రక్తంలో షుగరు మామూలుగానే ఉందని రిపోర్టు వచ్చింది. రెండు నెలలుగా రాజమండ్రి చుట్టాలింట్లో ఉన్న బుల్లబ్బాయి ముందురోజే ఊళ్లోకి వచ్చాడని విన్నాడు. రిపోర్టు జేబులో పెట్టుకుని, కత్తి పట్టుకుని, పట్టపగలే వెళ్లి వాడి ఇంటి తలుపు తన్నాడు.

బుల్లబ్బాయి మంచం మీద ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. చెరువులో పెంకు గీసుకుందిట. షుగరని తెలిసేసరికి కాలు కుళ్లిపోయి, రాజమండ్రిలో తీసేశారుట.

"నరికెయ్యరా. రెండోది కూడా దక్కేలా లేదు," అన్నాడు.

చంద్రరావు కత్తి ఎత్తాడు. ఏడాది పాటు చెమటోడ్చింది ఈ ఒంటికాలి వాడి కోసమా? ఎత్తిన కత్తి మంచంకోడులో దిగబడింది. చొక్కా పట్టుకుని లేవదీసి రెండు చెంపలూ వాయించాడు.

"నాకోసం ఆగలేకపోయావేంట్రా, ఎదవా!" అని అరుస్తూనే ఏడ్చేశాడు.

మర్నాడు ఇసక సీసాలు తెచ్చి మంచం మీద పడేశాడు. "ఎత్తరా చేతులు! రెండో కాలు పోయిందా, చంపేస్తాను." రోజూ వచ్చేవాడు. మాత్రలు దగ్గరుండి మింగించేవాడు. బద్ధకిస్తే నెత్తి మీద మొట్టేవాడు.

ఎనిమిది నెలలకి బుల్లబ్బాయి కర్రకాలు తగిలించుకుని, గోడ పట్టుకుని, తనంతట తనే లేచి నిలబడ్డాడు. కత్తి ఇంకా మంచంకోడులోనే ఉంది.

"నిలబడ్డానురా. ఇప్పుడు నరుకు," అన్నాడు.

చంద్రరావు కిందకి వంగి, ఎక్కడైనా పుండు పడిందేమోనని వాడి ఎడమకాలి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూశాడు.

"కూర్చో. మళ్లీ లే. ఇంకా ఇరవై ఉన్నాయి," అన్నాడు.